ఒంటిమనిషి పరుపు

ఆ వ్యాను తనంతట తాను రాలేదు. ట్రాక్టరు వెనక తాడు కట్టి లాక్కొస్తుంటే మొండికేసిన ఎద్దులా పక్కలకి గుంజుతూ, వీధి పొడుగునా ఎర్రటి పొడి రాల్చుకుంటూ వచ్చింది. గేటు రెక్కలు రెండూ ఊడదీసి గోడకి ఆనిస్తే గానీ లోపలికి పట్టలేదు. పట్టాక ఇంటి ముందున్న జాగా అంతా అదే ఆక్రమించుకుంది. బట్టలారేసుకునే తీగ తెగింది. పూలకుండీలు రెండు పగిలాయి. మెట్ల మీద పడే ఎండ కాస్తా పోయింది.

టైలరమ్మ కుట్టుమిషను ముందునుంచి లేచి, మెడలో టేపు మెడలో ఉండగానే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమండీ, ఏంటిది?"

"క్యాంపర్ వ్యాను," అన్నాడు మీటరాయన, దాని మూతి మీద చెయ్యేసి. "లోపల పడుకోడానికి చోటు, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, అన్నీ ఉంటాయి. ఇల్లూ బండీ రెండూ ఒకటే. ఇప్పుడు ఇలాంటివి తయారుచెయ్యట్లేదు."

"ఎందుకు చెయ్యట్లేదో చూస్తుంటేనే తెలుస్తోంది," అంది టైలరమ్మ.

ఆయన వినిపించుకోలేదు. ఆయన చెయ్యి తీసేసరికి అరచెయ్యంతా ఎర్రగా ఉంది.

మీటరాయన ఉద్యోగమంతా ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకోవడంలోనే గడిచింది. రిటైరయ్యాక కూడా వీధిలో ఆయనకి ఆ పేరే ఉండిపోయింది. టైలరమ్మ పేరుకి టైలరే గానీ చొక్కాలూ గౌన్లూ కుట్టదు. ఆమెది సీటు కవర్ల పని. బస్సుల సీట్లు, కార్ల సీట్లు, సోఫాలు. పెళ్ళికి ముందునుంచీ బజారులో ఒక సీట్ల కొట్టులో చేసేది. అత్తగారు మంచాన పడ్డాక కొట్టు మానేసి మిషను ఇంటికి తెచ్చుకుంది. ఆ మంచాన పడడం నాలుగు రోజుల ముచ్చట కాదు. కూతురు బడిలో చేరిన ఏడాది పడిన మనిషి, ఆ కూతురు పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో కాపురం పెట్టాక గానీ పోలేదు. అన్నేళ్ళూ టైలరమ్మ ఒక చెయ్యి మిషను మీద, ఒక చెయ్యి అత్తగారి పక్కబట్టల మీద పెట్టుకుని బతికింది. ఎక్కడికైనా వెళ్ళొద్దామని నోరు తెరిస్తే "మరి అమ్మ సంగతి?" అనేవాడు మీటరాయన. ఆమె మళ్ళీ మిషను ముందు కూర్చునేది.

అందుకే మొదటిరోజు ఎంత ఒళ్ళు మండినా, మర్నాడు ఆయన వ్యాను పక్కన నిలబడి చెప్పిన మాటలకి మెత్తబడిపోయింది.

"సముద్రం పక్కన ఆపాలి," అన్నాడు మీటరాయన. "పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా నీళ్ళు కనపడాలి. అక్కడే పొయ్యి వెలిగించి టీ పెట్టుకోవాలి. విసుగొచ్చిందాకా ఉండి, కొండల్లోకి వెళ్ళిపోవాలి. ఒకళ్ళకి చెప్పక్కర్లేదు, ఒకళ్ళని అడగక్కర్లేదు."

ఆయన ఒక్క ఊపున అన్ని మాటలు మాట్లాడడం ఆమె ఎన్నో ఏళ్ళుగా వినలేదు. ఇంటికొచ్చాక ఆయన మాటలు ఎప్పుడూ "అన్నం", "నీళ్ళు", "లైటు తీసెయ్యి" అన్నంత వరకే. ఇప్పుడీ మనిషి సముద్రమంటున్నాడు, కొండలంటున్నాడు. వింటూ వింటూనే ఆమె వ్యాను కిటికీల వైపు చూసి, వాటికి ఏ రంగు పరదాలైతే నప్పుతాయా అని ఆలోచనలో పడింది.

రోడ్డు మలుపులో షెడ్డున్న వెల్డరు వచ్చి చూశాడు. తలుపు కింద రేకుని స్క్రూడ్రైవరుతో పొడిస్తే, టీలో ముంచిన బిస్కట్‌లోకి దిగినట్టు దిగిపోయింది. వెల్డరు పెదవి విరిచాడు.

"పైన రేకులంటే కోసేసి కొత్తవి అతికేస్తానన్నా. కింద ఛాసిస్ సంగతి మాత్రం బండి పైకెత్తి చూస్తేగానీ చెప్పలేను. బండి బరువంతా మోసేది అదే. ముందు అది చూసుకుందాం."

"చూద్దాంలేవయ్యా. ముందు పైది కానీ. కాస్త బండిలా కనపడనీ," అన్నాడు మీటరాయన.

వెల్డరు భుజాలెగరేసి రేకులు కొలుచుకున్నాడు. డబ్బులిచ్చేవాడు ఏది ముందంటే అది ముందు.

వెల్డరు అతకాలంటే అంతకుముందు తుప్పు గీకాలి. మీటరాయనకి మోకాళ్ళు వంగవు. ఊరంతా మెట్లెక్కీ దిగీ ఎప్పుడో అరిగిపోయాయి. కాబట్టి బండి కింద పాత దుప్పటి పరుచుకుని వెల్లకిలా దూరింది టైలరమ్మే. వైరు బ్రష్షుతో రేకుల అడుగంచులు రుద్దుతుంటే తుప్పు మొహం మీద రాలేది. జుట్టులో, చెవుల్లో, తినే కూట్లో కూడా ఎర్రపొడే. ఉమ్మితే ఎర్రగా పడేది. తోమిన చోట తెల్లటి ఇనుము బయటపడితే మాత్రం ఆమెకి చెప్పలేనంత సంతోషంగా ఉండేది. దాని మీద వెంటనే ప్రైమరు పుయ్యకపోతే మర్నాటికి మళ్ళీ తుప్పు పట్టేస్తుందని, చీకటి పడేలోగా అయినమేరకు పూసేసి గానీ లేచేది కాదు. సోఫాల వాళ్ళు వచ్చి "మావెప్పుడిస్తావమ్మా?" అంటే "వచ్చే వారం" అనేది. ఆ వారం వచ్చాక ఇంకో వారం అనేది. ఆ వాయిదాలు విని విని కొందరు తమ గుడ్డ తాము పట్టుకుపోయారు.

ఎదురింటావిడ గోడ మీంచి తొంగి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏంటి వదినా, ఈ వయసులో మొగుడూ పెళ్ళాలు కొత్త కాపురం పెడుతున్నారా?"

"ఛ, ఊరుకో," అంది టైలరమ్మ. ఊరుకోవాలని మాత్రం ఆమెకి లేదు.

నిజం చెప్పాలంటే వాళ్ళ కాపురంలో ఆ కొన్ని నెలలంత మంచి కాలం ఇంకోటి లేదు. మధ్యాహ్నం వ్యాను నీడలోనే కూర్చుని తినేవాళ్ళు. ఆయన లైటు పట్టుకునేవాడు, ఆమె గీకేది. లైటు పట్టుకుని ఊరికే ఉండలేక ఆయన కబుర్లు చెప్పేవాడు. ఫలానా ఇంట్లో మీటరు స్నానాలగది గోడకుండేదట. తలుపు కొట్టిన ప్రతిసారీ లోపల ఎవరో ఒకరు ఉండనే ఉండేవారట. ఇంకో ఇంట్లో ఒక ముసలాయన మీటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, అంకె కదిలితే ఉలిక్కిపడి లోపలికి పరిగెత్తి లైటు ఆర్పేసేవాడట. టైలరమ్మ బండి కింద పడుకుని నవ్వితే నోట్లో తుప్పు పడేది.

"ఇవన్నీ ఎప్పుడూ చెప్పలేదేంటి నాకు?"

"నువ్వెక్కడ ఖాళీగా ఉన్నావు?" అన్నాడాయన.

అదీ నిజమే కదా అనుకుంది. ఇకముందు ఖాళీయే కదా అని కూడా అనుకుంది.

రేకులు అతికారు, పుట్టీ పెట్టారు, ఉప్పుకాగితంతో నున్నగా చేశారు, కింద సగం నీలం, పైసగం మీగడ రంగు వేశారు. ఇంజను తీసుకెళ్ళి బాగుచేయించి తెచ్చారు. గుర్రుమని లేచి పొగ వదిలితే వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. టైలరమ్మ అద్దాల పరదాలకి నీలం మీద చిన్న చిన్న తెల్ల చుక్కలున్న గుడ్డ తెచ్చింది. కొట్టులో ఇంకా చవకది చూపిస్తే వద్దని, చేత్తో నలిపి చూసి మరీ మంచిదే తెచ్చింది. ఆమె ఇంట్లో కూర్చుని పరదాలు కుడుతుంటే ఆయన వ్యానులో చెక్కపని చేసుకునేవాడు. తలుపు దగ్గరికేసేవాడు. "అయ్యాక చూద్దువుగాని," అనేవాడు. చిన్నపిల్లాడిలా దాచుకుంటున్నాడని ఆమెకి ముచ్చటేసింది.

అయ్యాక ఒక మధ్యాహ్నం పిలిచాడు. "పరుపు కొలతలు తీసుకో."

ఆమె టేపు పట్టుకుని ఎక్కింది. చెక్క వాసన, వార్నీషు వాసన. ఒకపక్క అలమారా, రేడియో పెట్టుకునే చెక్క, మడతబల్ల, దాని ముందు నేలకి బిగించిన ఒక కుర్చీ. రెండోపక్క బల్లమంచం. అన్నీ నీటుగా ఉన్నాయి. ఆమె మంచానికి అడ్డంగా టేపు పెట్టింది. వెడల్పు రెండున్నర అడుగులు. మళ్ళీ పెట్టింది. బయటికి లాగే పలక ఏదైనా ఉందేమోనని వంగి అడుగున తడిమింది. మడతబందులూ లేవు, ఏమీ లేవు. గట్టిగా మేకులు కొట్టిన చెక్క.

"ఏమండీ, రెండో పలక ఏదీ?"

"రెండో పలకేంటి?"

"ఇంత సన్నగా ఉంటే ఇద్దరం ఎలా పడతాం? అసలే మీరు నిద్రలో చేతులు విసురుతారాయె."

ఆయన అలమారా తలుపుకి స్క్రూ బిగిస్తున్నాడు. ఆపలేదు. "ఇద్దరమెక్కడ? నేనొక్కణ్ణేగా."

వేళాకోళమనుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు.

"మరి నేను?"

"నువ్విక్కడే ఉంటావు. ఇల్లుంది, నీ పనుంది."

"మనం వెళదామనేగా ఇదంతా?"

అప్పుడు స్క్రూ వదిలేసి ఆమె వైపు తిరిగాడు. "మనం అని నేనెప్పుడన్నాను?"

ఆ అడగడంలో దెప్పు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. టైలరమ్మ వెనక్కి వెళ్ళి వెతుక్కుంది. సముద్రం పక్కన ఆపాలి. టీ పెట్టుకోవాలి. కొండల్లోకి వెళ్ళిపోవాలి. ఆపాలి, పెట్టుకోవాలి, వెళ్ళాలి. ఆ మాటల్లో ఎవరో ఎక్కడా లేరు. ఎవరాపాలో, ఎవరు పెట్టుకోవాలో ఆయన ఒక్కసారీ చెప్పలేదు. ఆ ఖాళీలన్నీ తనే నింపుకుంది.

"నీమీద నాకు కోపమేం లేదు," అన్నాడాయన. "అలా మొహం పెట్టకు. నిన్ను వదిలేస్తున్నానని ఎవరన్నారు? నాకు కొన్నాళ్ళు ఎవరూ లేకుండా ఉండాలనుంది. అంతే."

"కొన్నాళ్ళంటే?"

"ఏమో. వెళితేగా తెలిసేది."

"ఈ తుప్పంతా నేను గీకాను."

"గీకావు. కాదనట్లేదు."

ఆమె టేపు చుట్టుకుని దిగింది. దిగేటప్పుడు మెట్టు కనపడక కాలు జారింది. ఆయన లోపలినుంచి "జాగ్రత్త" అన్నాడు.

కూతురికి ఫోన్ చేసింది. చెప్పడానికి మాటలు కూడదీసుకునేసరికే అవతల పిల్లల గోల. కూతురు ఒక చెవితో విని, "నాన్న సంగతి నీకు తెలీనిదేముందమ్మా? వెళ్ళనీ. నాలుగు చోట్ల తిరిగి ఒళ్ళు నొప్పులు పుడితే తనే వస్తాడు. నువ్వు కూడా కాస్త రెస్టు తీసుకో," అంది.

"రెస్టా," అంది టైలరమ్మ.

"మరి? వంట లేదు, ఏం లేదు."

ఫోను పెట్టేసి మిషను ముందు కూర్చుంది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది. ఎవరితో చెప్పుకోవాలన్నా ఏమని చెప్పుకోవాలి? ఆయన తాగి కొట్టలేదు. ఇంకొకతెను తెచ్చుకోలేదు. ఇంకొకతె ఉండుంటే కనీసం తిట్టడానికి ఒక మనిషైనా ఉండేది. ఆయన తనకంటే ఏమీ లేకపోవడమే మేలనుకున్నాడు. దాన్ని పట్టుకుని ఎవరు మాత్రం ఏం పోట్లాడగలరు?

పరుపు మాత్రం కుట్టింది. ఎందుకు కుట్టావని అడిగితే ఆమె చెప్పలేకపోయేది. సగంలో ఆపేస్తే ఎదురింటావిడ అడుగుతుంది. ఆపేస్తే ఆయన ఎక్కడో చవకబారు పరుపు కొని వేసుకుంటాడు, తన పరదాల పక్కన అది వెక్కిరిస్తున్నట్టుంటుంది. అన్నిటికీ మించి, ఆ పరుపు మీద పడుకున్న ప్రతిసారీ ఆయనకి తను గుర్తుకు రావాలని కసి. గట్టి ఫోము తెచ్చి, అంచుల వెంట తాడులా పైపింగు కుట్టి, ముడత అన్నది లేకుండా కవరు తొడిగింది. ఆమె చేతిమీదుగా అంత మంచి పని అంతకుముందు వెళ్ళలేదు. మీటరాయన దాని మీద కూర్చుని చేత్తో నొక్కి చూశాడు.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు.

ఆయన తన ప్రయాణం గురించి ఊరందరికీ చెప్పుకున్నాడు. పాత ఆఫీసుకెళ్ళి వీడ్కోలు పుచ్చుకొచ్చాడు. టీకొట్టు దగ్గర మ్యాపు పరిచి అందరికీ దారులు చూపించాడు. ఇక మిగిలింది తనిఖీ ఆఫీసులో బండి పాసవడమే. అది పాసైతేనే రోడ్డెక్కనిస్తారు. ఆ రోజు పొద్దున్నే తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, హారను కొట్టి మరీ బయల్దేరాడు. టైలరమ్మ గుమ్మంలోకి రాలేదు. కిటికీ వెనకనుంచి చూసింది.

సాయంత్రానికి వ్యాను వచ్చింది. మళ్ళీ తాడు కట్టించుకునే వచ్చింది. తనిఖీ ఆయన బండిని పైకెత్తించి, ఛాసిస్ మీద చిన్న సుత్తితో కొట్టాడట. కొట్టిన చోటల్లా పెచ్చులు పెచ్చులుగా ఊడి కింద కుప్పపడిందట. "దీన్ని తోలితే ఏ మలుపులోనో రెండు ముక్కలవుతుంది. తీసుకెళ్ళి ఇంట్లో పెట్టుకోండి," అన్నాడట.

వెల్డరు వచ్చి పాక్కుంటూ కిందికి వెళ్ళి చూసి బయటికొచ్చాడు. "నేను ముందే మొత్తుకున్నానన్నా. ఈ మోడలుకి ఛాసిస్ ఎక్కడా దొరకదు. కొత్తగా చేయించాలంటే ఇప్పుడు చేసిందంతా విప్పుకోవాలి."

"చెప్పావులే, చెప్పావు," అని కసిరాడు మీటరాయన. మొహం నల్లగా మాడిపోయింది.

లోపల నిలబడి వింటున్న టైలరమ్మకి మొదట గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ వెంటనే తనమీద తనకే అసహ్యమేసింది. వద్దన్న మనిషి వెళ్ళలేకపోతే సంతోషమేమిటి, సిగ్గులేకపోతే? అలా తిట్టుకుంటూనే ఆయనకిష్టమైన కూర వండింది. రెండు కంచాలు పెట్టింది. మీటరాయన లోపలికొచ్చాడు. కంచాల వైపు చూడలేదు. పడకగదిలోకెళ్ళి దిండు, దుప్పటి, తువ్వాలు, అలారం గడియారం చంకన పెట్టుకుని వచ్చాడు.

"వస్తా మరి," అన్నాడు.

"ఎక్కడికి?"

గడ్డంతో కిటికీ బయటికి చూపించాడు.

అలా మీటరాయన ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. గుమ్మం దిగితే వ్యాను, వ్యాను దాటితే గేటు. ఊరందరికీ వెళుతున్నానని చెప్పాక వెళ్ళకుండా ఉండలేకపోయాడు. వెళ్ళడానికి దారి లేక, ఉన్నచోటనే వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే తన పొయ్యి మీద తన టీ పెట్టుకుని, వ్యాను మెట్టు మీద కూర్చుని, వీధిలో పోయేవాళ్ళని పలకరిస్తూ తాగాడు. కాసేపటికి భుజాన తువ్వాలు వేసుకుని ఇంట్లోకి వచ్చి, పొరుగింటి మనిషిలా గుమ్మంలో ఆగి, "స్నానాలగది ఖాళీయేనా?" అనడిగాడు. టైలరమ్మ తలెత్తకుండా మిషను తొక్కుతూనే ఉంది. ఆయన ఖాళీయేనని తీర్మానించుకుని వెళ్ళాడు.

వీధికి ఇంతకంటే వినోదం ఏముంటుంది? "మీటరాయన టూరు ఎందాకా వచ్చింది?" "గేటు దాకా వచ్చిందట, రేపు మురిక్కాలవ దాటుతాడట!" టీకొట్టు దగ్గర ఇవే జోకులు. కవర్లు కుట్టించుకోడానికి వచ్చేవాళ్ళు వ్యాను పక్కనుంచే రావాలి. ఆయన వాళ్ళకి "రండి రండి, లోపల ఉంది" అని చెప్పేవాడు, చౌకీదారులా. వాళ్ళు లోపలికొచ్చి గుడ్డ సంగతి మాట్లాడుతూనే ఆమె మొహంలోకి వెతికి వెతికి చూసేవాళ్ళు.

వదిలేసిన మొగుడంటే కంటికి దూరంగా ఉండాలి. ఏ ఊళ్ళో ఉన్నాడో, తిన్నాడో లేదో తెలియకుండా ఉండాలి. తిట్టుకోడానికైనా, మరిచిపోడానికైనా అప్పుడే వీలు. ఈయన మిషను ముందు తలెత్తితే కనపడతాడు. దగ్గితే వినపడతాడు. అటు మొగుడున్న ఆడదానిలా బతకడానికీ లేదు, ఇటు లేని ఆడదానిలా బతకడానికీ లేదు.

భోజనం సంగతి ఇంకా అన్యాయం. మొదట్లో ఆమే కంచం పట్టుకెళ్ళి వ్యాను మెట్టు మీద పెట్టి వచ్చేది. ఒకరోజు పెట్టలేదు. మధ్యాహ్నం దాటాక ఆయనే వంటగది కిటికీ దగ్గరికొచ్చాడు.

"అన్నం అయిందా?"

"ఎవరూ లేకుండా ఉండాలన్నారు. నా వంట ఉండచ్చా?"

ఆయన "సరే, వండుకుంటాలే," అని వెళ్ళిపోయాడు. వండుకున్నాడు కూడా. మాడిన వాసన కిటికీలోంచి ఇంట్లోకొచ్చి పరదాలకీ గుడ్డలకీ పట్టుకుంది. సోఫా కవర్లకి మాడు వాసనేమిటని ఒకావిడ ముక్కు మూసుకుంది. వారం తిరక్కుండానే టైలరమ్మ మళ్ళీ కంచం పెట్టింది. ఇది ప్రేమ కాదు, ముక్కు భరించలేక అని తనకి తాను చెప్పుకుంది.

ఒక సాయంత్రం ఆమె వ్యాను దగ్గరికి వెళ్ళింది. ఆయన లోపల కుర్చీలో కూర్చుని రేడియో వింటున్నాడు. లోపల ఉన్నది ఒక్క కుర్చీ. ఆమె తలుపు దగ్గర మెట్టు మీద కూర్చుంది.

"నేనేం చేశానో చెప్పండి. చెపితే వింటాను."

ఆయన రేడియో గొంతు తగ్గించాడు. "నువ్వేం చెయ్యలేదు. ఎన్నిసార్లు చెప్పను? రోజంతా ఊళ్ళోవాళ్ళ గుమ్మాలెక్కీ దిగీ ఇంటికొస్తే, ఒక గదిలో అమ్మ మూలుగు, ఒక గదిలో నీ మిషను. నాదని నిలబడడానికి చోటు లేదు. ఇక్కడ ఉంది."

"మీ అమ్మ మూలుగు మీ చెవిలో పడిందేమో. మీ అమ్మ నా చేతుల్లో పడింది," అంది టైలరమ్మ. గొంతు పెంచలేదు. "నాకు మాత్రం చోటుందా ఆ ఇంట్లో?"

మీటరాయన ఆమెను వింతగా చూశాడు. ఆ సంగతి ఆయనకి ఎప్పుడూ తట్టలేదని ఆ చూపులోనే తెలిసిపోయింది.

"నువ్వెప్పుడూ అడగలేదుగా," అన్నాడు.

ఆమె లేచి చీర దులుపుకుని వచ్చేసింది. వెనక రేడియో గొంతు మళ్ళీ పెరిగింది.

వానలు పట్టుకున్నాయి. ఒకటీ అరా కాదు, ఆకాశానికి చిల్లి పడ్డట్టు వారం పొడుగునా ఒకటే వాన. వ్యాను పైకప్పు అంచున రబ్బరు ఎక్కడో వదిలింది. ఆయన లోపల గిన్నెలు పెట్టుకుంటున్న చప్పుడు, నీళ్ళు పారబోస్తున్న చప్పుడు, దగ్గు. టైలరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికి రండి అని రెండు మాటలు. అవి గొంతు దాకా వచ్చాయి కూడా. ఎన్నేళ్ళుగానో తన ప్రమేయం లేకుండానే నోటికొచ్చే మాటలవి. ఈసారి వాటిని మింగేసింది. తలుపేసుకుని వెళ్ళి మిషను ముందు కూర్చుంది. కుట్టు వంకరపోయింది. విప్పి మళ్ళీ కుట్టింది.

మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి మీటరాయన మెట్ల మీద ఉన్నాడు. తడిసిన దిండు ఒక చేతిలో, గడియారం ఒక చేతిలో. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"పరుపంతా నానిపోయింది," అన్నాడు. అదేదో ఆమె కుట్టులోనే లోపమున్నట్టు.

ఆమె పక్కకి తప్పుకుంది. ఆయన నేరుగా పడకగదిలోకెళ్ళాడు. మంచం మీద ఆమె పరిచి పెట్టుకున్న సోఫా గుడ్డలు ఒక పక్కకి తోసి, తన వైపున తాను పడుకుని, దుప్పటి ముసుగేసి నిద్రపోయాడు. క్షమించమనలేదు. వచ్చానని కూడా అనలేదు.

జ్వరం తగిలింది. ఆమె మందులిచ్చింది, గంజి కాచింది. జ్వరం తగ్గింది, వానలూ తగ్గాయి. ఆయన మళ్ళీ బయటికి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని ఆమె అడగలేదు. "కూర బాగుంది," అన్నాడొకరోజు. టైలరమ్మ తన పక్కబట్టలు మిషను గదిలోకి మార్చుకుంది. ఆయన అదేమీ గమనించలేదు. గమనించీ ఊరుకున్నాడో ఏమో.

ఎదురింటావిడ సంబరపడింది. "మొత్తానికి కలిశారు, అంతే చాలు వదినా." కూతురు ఫోన్ చేసి, "చూశావా? వస్తాడని నేను ముందే చెప్పానా లేదా?" అంది.

"చెప్పావు," అంది టైలరమ్మ.

వ్యాను తలుపు కింద నీలం రంగు ఉబ్బి, ఆ ఉబ్బుల్లోంచి ఎర్రగా కారడం మొదలైంది. వెల్డరు వచ్చి పాత ఇనుము కింద తీసుకుంటానన్నాడు. చూద్దాంలే అన్నాడు మీటరాయన.

ఒకరోజు ఆమె బజారుకి వెళ్ళినప్పుడు పాత సీట్ల కొట్టు ముందు ఆగింది. యజమాని పోయి, అతని తమ్ముడు నడుపుతున్నాడు. బస్సుల పని చేతినిండా ఉంది, చెయ్యి తిరిగినవాళ్ళు దొరకట్లేదన్నాడు. ఆ సోమవారం నుంచే బస్సులో వెళ్ళి రావడం మొదలుపెట్టింది. పొద్దున్నే వండి మూతలు పెట్టి వెళ్ళిపోయేది.

పగలంతా ఇల్లు మొత్తం మీటరాయనదే. మిషను చప్పుడు లేదు, మూలుగు లేదు. మనిషి అలికిడి లేదు. మొదట్లో బాగానే ఉన్నట్టున్నాడు. తరవాత తరవాత ఆమె వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టాడు. వచ్చీ రాగానే "పొద్దుటినుంచీ పలకరించిన నాథుడు లేడు" అనేవాడు. "టీ పెట్టవూ" అనేవాడు. ఆమె పెట్టి ఇచ్చి, లోపలికి వెళ్ళి తలుపేసుకునేది.

"ఇవాళ ఇంత ఆలస్యమైందేం?" అనడిగాడు ఒక సాయంత్రం.

"బస్సు దొరకలేదు," అంది టైలరమ్మ.

బస్సు దొరకకపోవడమేం కాదు. ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. స్టాపులో బల్ల మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ కండక్టరుకి వద్దని చెయ్యి ఊపింది. జనమంతా ఎక్కి వెళ్ళిపోయాక ఆ బల్ల మీద తనొక్కతే మిగిలితే ఇంకాసేపు కూర్చుంది.